ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్ ఇచ్చేయమంటే ఇవ్వాలా?

ప్రశ్న: బెంగళూరు యలహంక వైపు ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటున్నాను. నా వైఫై లాగిన్ మీద క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్ నడిచిందని కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చిందట. ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్ రెండూ అప్పగించమని ఐటీ వాళ్లు మెయిల్ పెట్టారు. నా లాగిన్ రూమ్మేట్ కూడా వాడతాడు. గోప్యత హక్కు నాకు లేదా?

జవాబు: ముందుగా, భయపడి ఫార్మాట్ కొట్టకండి. మీకు పనికొచ్చే ఆధారాలూ పోతాయి, అనుమానమూ పెరుగుతుంది.

కొన్ని ఖరీదైన ప్రోగ్రాములు క్రాక్ చేసినా, నెట్ తగలగానే ఐపీ (నెట్ కనెక్షన్ నంబరు), మ్యాక్ అడ్రస్ (కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు నంబరు), కంప్యూటర్ పేరు కంపెనీకి చేరవేస్తాయి. హాస్టల్ మొత్తం బయటికి కనిపించే ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటే, ఆ నిమిషంలో వాడింది ఎవరో కాలేజీ న్యాట్, డీహెచ్‌సీపీ లాగ్‌లు (ఏ సమయంలో ఏ కంప్యూటర్ ఏ ఐపీ వాడిందో చెప్పే రికార్డులు) చూసి తేల్చాలి. పొరపాటు ఎక్కువగా టైమ్ దగ్గరే. ఫిర్యాదులో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉండి, లాగ్‌లో మన టైమ్ ఉంటే ఐదున్నర గంటలు తేడా. అసలు సమయంలో వాడింది వేరొకరు కావచ్చు. కాబట్టి తేదీ, టైమ్‌జోన్‌తో సహా సమయం, మ్యాక్, కంప్యూటర్ పేరు ఇవ్వమని మెయిల్లోనే అడగండి. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొడితే మీ మ్యాక్ 'ఫిజికల్ అడ్రస్' దగ్గర కనిపిస్తుంది. వైఫైకి ఒకటి, ల్యాన్‌కి (వైరు కనెక్షన్‌కి) ఒకటి ఉంటాయి, రెండూ పోల్చండి. ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ (అసలు మ్యాక్ బదులు వేరేది చూపే వైఫై సెట్టింగ్) ఆన్‌లో ఉంటే వైఫై లాగ్‌లో వేరే నంబరు పడుతుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తే. కానీ ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వం మీద. ప్రైవేటు కాలేజీ మాత్రం అడ్మిషన్ నాడు మీరు సంతకం పెట్టిన ఐటీ పాలసీ తీసి చూపిస్తుంది. దాని కాపీ తెచ్చుకోండి. వైఫై కట్ చేయడం, క్రమశిక్షణ చర్య వరకు వాళ్ల చేతిలో ఉంటాయి. సోదా, జప్తు పోలీసుల పని. ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా ఐటీ వాళ్ల ఎదుటే చూపిస్తానని రాయండి, పాస్‌వర్డ్ మీరే కొట్టండి.

పోలీసులొస్తే సంగతి వేరు. కాపీరైట్ చట్టం సెక్షన్ 64 కింద ఎస్సై, ఆపై అధికారి వారంట్ లేకుండానే పైరసీ కాపీలు జప్తు చేయొచ్చు. జప్తు జాబితా కాపీ అడిగి తీసుకోండి. 63బి కింద తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. లాభానికో వ్యాపారానికో కాకపోతే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు.

రూమ్మేట్ సంగతి దాచొద్దు. లాగిన్ పంచుకోవడమూ చాలా కాలేజీల్లో పాలసీ ఉల్లంఘనే, అయినా పైరసీ కంటే చిన్నది. ఆ పాస్‌వర్డ్ ఈరోజే మార్చేయండి.