ఏప్రిల్ చివర్లో ఫ్రాన్స్ వెళ్తుంటే దక్షిణం నుంచి మొదలుపెట్టండి

మీరూ మీ ఆవిడా ఏప్రిల్ 25 నుంచి మే 8 దాకా ఫ్రాన్స్‌లో ఉంటామని రాశారు. పారిస్, లియోన్, నీస్, స్ట్రాస్‌బర్గ్, కుదిరితే రెండు రోజులు స్విట్జర్లాండ్ అన్నారు. ల్యావెండర్ తోటలు, చిత్రకారుడు మోనే కలువల చెరువు తప్పకుండా చూడాలన్నారు. ఇద్దరూ శాకాహారులమని కూడా చెప్పారు. మా వారూ నేనూ సరిగ్గా ఇదే కాలంలో అక్కడ తిరిగొచ్చాం కాబట్టి మాకు తెలిసింది చెప్తాను.

ముందు ల్యావెండర్ సంగతి. మీరు వెళ్ళే రోజుల్లో అది పూయదు. ప్రోవాన్స్‌లో దాని కాలం జూన్ మధ్య నుంచి జూలై దాకా. మే మొదట్లో వెళ్తే బూడిద పచ్చగా వరసగా పొదలు కనిపిస్తాయి, అంతే. జివెర్నీలో మోనే చెరువు కలువలు కూడా అక్కడి ఎండాకాలం పూలే. అవే కావాలంటే ప్రయాణం జూలైకి మార్చుకోవాలి. నన్నడిగితే మార్చుకోవద్దు. మీరు వెళ్ళేటప్పుడు ఉండేవి వేరే ఉన్నాయి. రైలు కిటికీలోంచి మైళ్ళ తరబడి పసుపు పచ్చని చేలు కనిపిస్తాయి. కోల్జా అంటారు, మన ఆవాల కుటుంబానికి చెందిన నూనెగింజ పంటే. దక్షిణాన రోడ్ల పక్కన ఎర్రటి గసగసాల జాతి పూలు, గోడల మీంచి గుత్తులు గుత్తులుగా వేలాడే ఊదారంగు విస్టేరియా, పారిస్ వీధుల్లో పూతకొచ్చిన చెస్ట్‌నట్ చెట్లు. జూలై ఎండ ఉండదు, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది.

ఇక దారి. అందరూ పారిస్‌లో దిగి, అక్కడ నాలుగు రోజులుండి, తర్వాత కిందికి వెళ్తారు. మీరు తిప్పి వేసుకోండి. వసంతం దక్షిణాన ముందొస్తుంది, ఉత్తరాన ఆలస్యంగా వస్తుంది. ఏప్రిల్ చివర ప్రోవాన్స్‌లో మొదలుపెట్టి, మధ్యలో కోటలుండే లువార్ లోయ చూసుకుని, మే మొదటి వారానికి పారిస్ చేరితే మూడు చోట్లా పూల కాలమే దొరుకుతుంది. పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయంలోనే రెండో టెర్మినల్ దగ్గర టీజీవీ అనే వేగపు రైళ్ళ స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి అవిన్యోన్‌కి నేరుగా రైళ్ళున్నాయి, ఊళ్ళోకి వెళ్ళే పనే లేదు. ఉన్న రెండు వారాలకి మూడు మకాములు చాలు. లియోన్, నీస్, స్ట్రాస్‌బర్గ్, స్విట్జర్లాండ్ ఈసారికి వదిలెయ్యండి. రోజు మార్చి రోజు సూట్‌కేసు సర్దుకుంటూ ఉంటే ఇద్దరికీ మిగిలేది అలసటే.

ప్రోవాన్స్‌లో మేం ఆర్ల్‌లో ఉన్నాం. చిన్న ఊరు, అంతా నడిచి తిరగొచ్చు. రోమన్ల కాలం నాటి పెద్ద అరీనా ఊరి మధ్యలో ఇప్పటికీ నిలబడి ఉంది. వాన్ గో 1888 ఫిబ్రవరిలో ఈ ఊరు వచ్చి, ఆ వసంతంలో పూతకొచ్చిన పండ్ల తోటలెన్నో గీశాడు. అక్కడ మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి ఉంటుంది. దాని దెబ్బకి నిలవలేక, కాన్వాసు నిలబెట్టే ఈజెల్‌ని నేలలో మేకులు దిగ్గొట్టి కట్టేవాడట. ఆ గాలి తగిలాక గానీ ఆయన పడ్డ పాట్లు మనకి అర్థం కావు. ఆకాశం నిర్మలంగా, ఎండ ధారాళంగా ఉంటుంది, గాలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. ఏప్రిల్ కదా అని పల్చటి బట్టలతో వెళ్ళకండి, గాలి ఆపే జాకెట్ ఇద్దరికీ ఉండాలి.

మీరు ఆర్ల్‌లో ఉండే రోజుల్లో ఒక శనివారం పడేలా చూసుకోండి. ఆ రోజు పొద్దున బులవార్ అనే పెద్ద రోడ్డు వెంట పొడుగ్గా సంత జరుగుతుంది. తెల్ల ఆస్పరాగస్, పచ్చ ఆస్పరాగస్ కట్టలు కట్టి పెడతారు. గారిగెత్ అనే రకం స్ట్రాబెర్రీలు, సన్నగా పొడుగ్గా ఉంటాయి, ఆ కాలంలోనే వస్తాయి. పండ్లమ్మే ఆవిడ మమ్మల్ని ముందు అడిగింది ధర గురించి కాదు, ఎప్పుడు తింటారని. ఈ రాత్రికేనని సైగ చేస్తే మేం చూపించిన బుట్ట పక్కన పెట్టేసి, బాగా పండినవి ఇంకోటి ఏరి ఇచ్చింది. సంచి విప్పేసరికి గదంతా వాసన. మేం హోటల్ కాకుండా వంటిల్లున్న గది తీసుకున్నాం. ఆ పచ్చ ఆస్పరాగస్‌ని ముక్కలు కోసి, ఆవాలు, ఎండుమిరపకాయ తాలింపు వేసి వేయించాను. అన్నంలోకి అద్భుతంగా ఉంది. చిన్న పోపు డబ్బా ఒకటి వెంట తీసుకెళ్ళండి, రెండు వారాలూ హాయిగా గడిచిపోతాయి.

అవిన్యోన్‌లో పోప్‌ల (క్యాథలిక్ మతగురువుల) కోట చూస్తారు సరే, అక్కణ్ణుంచి బస్సులో పోన్ దు గార్ కూడా వెళ్ళండి. మూడంతస్తుల రోమన్ వంతెన, 49 మీటర్ల ఎత్తు. దాని పై అంతస్తులో పారింది నీళ్ళు. ఉజెస్ దగ్గర ఊటల నుంచి నీమ్ పట్టణానికి సుమారు 50 కిలోమీటర్ల కాలువ, మొత్తం దూరానికి వాలు 12 మీటర్ల పైచిలుకు మాత్రమే. మా వారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, సాగర్ కాలువల మీదే ఉద్యోగమంతా గడిచింది. అక్కడ గట్టు మీద కూర్చుని లెక్కేశారు. కిలోమీటరుకి పాతిక సెంటీమీటర్లు! రెండు వేల ఏళ్ళ కింద, ఈ కొలతతో, కొండల్లోంచి నీళ్ళు తీసుకెళ్ళారని చాలాసేపు మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయారు. స్తంభాల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన రాళ్ళు కనిపిస్తాయి. కట్టేటప్పుడు సారువ నిలబెట్టడానికి వదిలినవి, తర్వాత చెక్కెయ్యలేదు. అవి నాకు చూపించింది కూడా ఆయనే. మీ ఆవిడకి ఇష్టమైన విషయమేదో కనుక్కుని దానికో పూట పూర్తిగా ఇవ్వండి. ప్రయాణంలో మాకు బాగా గుర్తున్నవి అలాంటి పూటలే.

లువార్‌కి రైల్లో వెళ్ళేటప్పుడు చాలా వాటికి పారిస్‌లో స్టేషన్ మారాలి. గార్ ద లియోన్‌లో దిగి మోంపర్నాస్‌కి వెళ్ళాలి. నడుమ కనీసం గంటన్నర ఉండేలా టికెట్లు తీసుకోండి. టీజీవీ టికెట్లు ముందు కొంటే చవక, ఆలస్యమయ్యే కొద్దీ పెరుగుతాయి. టీఈఆర్ అనే లోకల్ రైళ్ళకి ఆ బాధ లేదు. టూర్ అనే ఊళ్ళో మకాం పెట్టుకుంటే షెనొన్సో కోటకి టీఈఆర్‌లో అరగంట, స్టేషన్ కోట గేటు పక్కనే. షేర్ నది మీద వంతెనలా కట్టిన కోట అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నదే సరిహద్దు. కోట ముందు ద్వారం జర్మన్ల ఆక్రమణలో, నది మీది హాలు అవతలి తలుపు స్వేచ్ఛగా ఉన్న వైపు. ఆ తలుపు గుండా ఎందరో బతికి బయటపడ్డారు. గది గదికీ తాజా పూలు అమర్చి ఉంటాయి, వాళ్ళ తోటలో పూసినవే. అంబ్వాజ్‌లో లియోనార్డో డా వించి చివరి రోజులు గడిపిన ఇల్లు ఉంది, 1519 మే 2న అక్కడే పోయాడు. షాంబోర్ కోటకి సొంత కారు లేకపోతే కాస్త కష్టం, వదిలేసినా పర్లేదు.

మే 1న ఎక్కడున్నా ఆ రోజుకి పెద్ద కార్యక్రమం పెట్టుకోకండి. లూవ్ర్‌తో సహా చాలా మ్యూజియాలు, దుకాణాలు మూసేస్తారు. తిండి సామాన్లు ముందు రోజే తెచ్చుకోండి. మీ ఆవిడకి మాత్రం ఒక కట్ట మ్యూగె కొనివ్వండి. చిన్న తెల్ల గంటల్లాంటి పూలు, ఆ రోజు మూల మూలనా అమ్ముతారు, ఒకరికొకరు ఇచ్చుకోవడం వాళ్ళ ఆచారం. మే 8 కూడా సెలవే, మీ తిరుగు ప్రయాణం ఆ రోజే కాబట్టి గుర్తుంచుకోండి.

పారిస్ గురించి అందరూ చెప్తారు, నేను రెండే చెప్తాను. లూవ్ర్‌లో అపోలో గ్యాలరీలో రీజెంట్ వజ్రం చూశాం. 140 క్యారెట్లు. పల్నాడు కొల్లూరు గనిలో, మన కృష్ణ ఒడ్డున దొరికిన రాయి. 1717లో ఫ్రాన్స్ రీజెంట్, అంటే బాలరాజు తరఫున పాలిస్తున్నాయన, కొన్నాడు, తర్వాత నెపోలియన్ కత్తి పిడిలోకి ఎక్కింది. మా వారిది సత్తెనపల్లి పక్క ఊరు. మోనాలిసా దగ్గర నిలబడనంత సేపు అక్కడ నిలబడ్డాం. 2025 అక్టోబరులో ఆ గ్యాలరీలో నగల దొంగతనం జరిగింది, రీజెంట్ పోలేదు. ఏర్పాట్లు మారి ఉండొచ్చు గనక టికెట్టు కొనేముందు మ్యూజియం సైటులో చూసుకోండి. మంగళవారం సెలవు.

రెండోది మీ కలువలు. జివెర్నీ ఏప్రిల్ 1 నుంచి తెరిచే ఉంటుంది. సాన్ లజార్ స్టేషన్ నుంచి వెర్నోన్‌కి రైలు, అక్కణ్ణుంచి బస్సు. మే మొదటి వారంలో చెరువు మీది పచ్చ వంతెనకి విస్టేరియా పూస్తుంది, తోటలో ఐరిస్‌లు ఉంటాయి. కలువలు కావాలంటే పారిస్‌లోనే ఆరంజరీ మ్యూజియంలో మోనే గీసిన గోడంత బొమ్మలున్నాయి, రెండు అండాకారపు గదుల నిండా. ముందు తోట, ఆ మర్నాడు బొమ్మలు, ఈ వరసలో చూడండి.

తిండి దగ్గర జాగ్రత్త. వెజిటేరియన్ అంటే చేప తింటారనుకునే వాళ్ళున్నారు. “సాన్ వ్యాండ్, సాన్ ప్వాసోన్” (మాంసం లేకుండా, చేప లేకుండా) అని రెండూ విడిగా చెప్పండి. ఉల్లిపాయ సూపుకి మామూలుగా గొడ్డు మాంసం రసమే ఆధారం, కీష్ లొరేన్‌లో పంది మాంసం ఉంటుంది, తపనాద్ అనే ఆలివ్ పచ్చడిలో చేప కలుస్తుంది. చాలా చీజులు జంతువుల రెన్నెట్‌తో (పాలు విరగ్గొట్టడానికి వాటి కడుపులోంచి తీసే పదార్థం) చేసేవే, మీకు పట్టింపు ఉంటే అడగండి. రతాతూయ్ అనే కూరగాయల కూర, కూరగాయలు పెట్టిన గాలెత్ అనే అట్టు నిశ్చింతగా తినొచ్చు. మధ్యాహ్నం రెండు దాటితే వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ ఏడు తర్వాతే. ఎక్కడ అడుగుపెట్టినా ముందు “బోంజూర్” అనండి, ఆ తర్వాతే ఏదైనా అడగండి. అది లేకుండా అడిగితే ముఖం మారిపోతుంది, అలా అన్నాక అడిగితే ఎంతో ఆదరంగా మాట్లాడతారు.

వీసాకి అపాయింట్‌మెంటే కష్టం, ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి ఆగకండి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రాత్రులు గడిపే దేశం వీసానే తీసుకోవాలి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, రైళ్ళ వరస కూర్చి పెడతాను.