మీ బండి ఎక్కడిదాకా వచ్చింది? బుల్లి రైళ్ల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో కడుతున్న బుల్లి రైల్వే ఎంతవరకు వచ్చిందో ఫొటో పంపి, అడగాల్సింది అడగమని పోయిన సంచికలో రాశాం. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. ఫొటోలు చూస్తే చాలా ఇళ్లలో ఒకటే సంగతి. గుట్టలు, చెట్లు, ఇళ్లు, గుడి గోపురంతో సహా బ్రహ్మాండంగా ఉన్నాయి, బండి మాత్రం నడవడం లేదు. అందుకే ఈ జవాబుల్లో రంగుల ముచ్చట కన్నా వైర్ల గోల ఎక్కువుంటుంది, ఏమనుకోకండి. అందరూ వాడేది దాదాపు హెచ్‌ఓ సైజే, అంటే అసలు బండిలో 87వ వంతు. కొలతలన్నీ దానికే చెబుతున్నాను.

ప్రశ్న: సార్, మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఆరడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ మీద గుండ్రంగా పట్టాలు వేశాను. ఎల్‌హెచ్‌బీ బోగీల (ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించే కొత్త రకం పొడుగు బోగీలు) ఎక్స్‌ప్రెస్ తిప్పుదామంటే మలుపులో బోగీలు పట్టాలు దిగిపోతున్నాయి. ఇంట్లోవాళ్లేమో మంచం వేసే జాగా నువ్వే ఆక్రమించావని రోజూ పోరు. ఏం చేయను?
– రైస్‌మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

ముందు మంచం జాగా వాళ్లకు ఇచ్చేయండి, న్యాయం వాళ్లవైపే ఉంది. ఇక బోగీల సంగతి. ఎల్‌హెచ్‌బీ బోగీ ఒక్కటే 23.5 మీటర్లు, మన సైజులో 27 సెంటీమీటర్లు. అసలు రైలులాగా 24 బోగీలు తగిలిస్తే మీ బండి ఆరున్నర మీటర్లు అవుతుంది, అంటే మీ ఇల్లు దాటి వరండాలోకి వస్తుంది. స్టార్టర్ సెట్లతో వచ్చే వంపు పట్టాలు ఎక్కువగా 18 అంగుళాలకు మించని వ్యాసార్ధంతో ఉంటాయి. అంత ఇరుకు మలుపులో అంత పొడుగు బోగీ తిరగమంటే ఎట్లా తిరుగుతుంది? కనీసం 24 అంగుళాలు కావాలి, నాలుగడుగుల పలక మీద అది పట్టదు.

మీరు మిర్యాలగూడలో ఉండి, బియ్యం మూటల మధ్య పని చేస్తూ ఎక్స్‌ప్రెస్ కోసం కొట్టుకోవడమెందుకండీ, గూడ్సు బండి పెట్టండి. బొగ్గు తీసుకెళ్లే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, మన సైజులో 12 సెంటీమీటర్ల పైచిలుకు. బియ్యం, సిమెంటు మూటలకు వాడే మూత వ్యాగన్లలో బీసీఎన్‌హెచ్‌ఎల్ రకమూ దాదాపు అంతే. బోగీలో సగం కూడా లేదు. మీకు సరుకు కొదవా? ఊళ్లో బియ్యం, విష్ణుపురం వైపు సిమెంటు, దామరచర్ల దగ్గర థర్మల్ కేంద్రానికి బొగ్గు.

గుండ్రం పట్టా తీసేసి గోడవారగా ఐదున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక ఒకటి బిగించండి. దాని మీద రెండు పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు), మూడు లైన్లు. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పట్టాలి. ఇంజన్ వెనక్కి ముందుకి జరిగే మెడ లైన్లో ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లే పట్టాలి, అంతకు మించి ఒక్కటి కూడా పట్టకూడదు. ఆటంతా ఆ ఇరుకులోనే ఉంది. ఇది ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే ఆయన పెట్టిన పద్ధతి, ఇంగిల్‌నుక్ అంటారు. ఎనిమిది వ్యాగన్లకు నంబర్లు రాసి చీటీలు వేయండి. తీసిన ఐదు చీటీల వరుసలోనే బండి తయారు కావాలి. ఎనిమిదిలోంచి ఐదింటిని వరుస పెట్టడానికి 6,720 రకాలున్నాయి, కాబట్టి బోరు కొడుతుందన్న భయం లేదు. గుండ్రంగా తిరిగే బండిని చుట్టాలొచ్చినప్పుడు చూపించడమే తప్ప మనం ఎంతసేపని చూస్తాం చెప్పండి.

పాయింట్లు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. పట్టాలు ఒకదాన్నొకటి దాటే మూల ప్లాస్టిక్‌తో ఉంటే మెల్లగా పోయే చిన్న ఇంజన్ అక్కడ కరెంటందక నిలిచిపోతుంది. లోహపు మూల ఉండి, దానికి స్విచ్ ద్వారా కరెంటిచ్చేవి తీసుకోండి. మన డీజిల్ ఇంజన్లకు ముందూ వెనకా మూడేసి ఇరుసులుంటాయి కాబట్టి కొంత నయం. వ్యాగన్లు విడదీయడానికి సన్నగా చెక్కిన వెదురుపుల్ల చాలు. రెండు కొక్కేల మధ్య పెట్టి కొంచెం మెలిపెడితే విడిపోతాయి.

ప్రశ్న: టేబుల్ చివర బండి చుట్టు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పోయేలా పట్టా వేశాను. చివరి ముక్క కలపగానే కంట్రోలర్‌లో (పట్టాలకు కరెంటిచ్చే డబ్బా) ఎర్రలైటు వెలిగి ఆగిపోతోంది. కంట్రోలర్ పాడైందని కొత్తది కొన్నా అదే వరస. డబ్బులు పోయిన టెన్షన్‌తో ఉన్నాను సార్.
– డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

పాతదాన్ని పారేయలేదు కదా తమ్ముడూ? అది బాగానే ఉంది. ఎర్ర స్కెచ్‌పెన్ తీసుకొని మెయిన్ లైన్లో కుడి పట్టా మీద గీత పెట్టుకుంటూ చుట్టంతా రా. తిరిగి పాయింట్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎర్ర పట్టాయే ఎడమ పట్టాకు తగులుతుంది. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, రెండూ కలిశాయి, షార్ట్ అయింది. ఇట్లా వెనక్కి మళ్లే చుట్టు ఎవరు వేసినా ఇంతే.

చుట్టులోకి పోయే చోట, బయటికొచ్చే చోట, రెండు పట్టాలనూ కోసి సన్నటి సందు పెట్టు, లేదంటే ప్లాస్టిక్ జాయినర్లు వెయ్యి. రెండు సందుల మధ్య ముక్క నీ బండి మొత్తం పొడవు కన్నా ఎక్కువుండాలి, లేకుంటే ముందు చక్రాలు ఒక సందునూ వెనక చక్రాలు ఇంకో సందునూ ఒకేసారి తొక్కి మళ్లీ షార్ట్ చేస్తాయి. ఆ ముక్కకు కరెంటు నేరుగా ఇవ్వకు, ఆరు కాళ్ల టాగుల్ స్విచ్ ద్వారా ఇవ్వు. డీపీడీటీ అని అడిగితే రేడియోలు, టీవీలు రిపేరు చేసేవాళ్లు సామాన్లు కొనే షాపులో దొరుకుతుంది. మధ్య కాళ్లకు కంట్రోలర్ వైర్లు, ఒక వైపు జతకు చుట్టు పట్టాల వైర్లు, ఆ జతనుంచి అవతలి జతకు ఏటవాలుగా అడ్డం మార్చి రెండు వైర్లు. బండి పూర్తిగా చుట్టులోకి వచ్చాక ఆపు. పాయింట్ మార్చు, కంట్రోలర్ దిశ మార్చు, టాగుల్ కూడా మార్చు, అప్పుడు కదిలించు. మొదట్లో ఏదో ఒకటి మర్చిపోతావు, ఎర్రలైటే గుర్తు చేస్తుంది.

ప్రశ్న: రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాను. మనవడికి కొన్న బుల్లి రైలు పట్టాల మధ్య జాగా నా కళ్లకు ఇరుకుగా కనిపిస్తోంది. నా భ్రమా? ఇంకోమాట, నేను కొలువులో చేరిన కొత్తలో మా లైను మీటర్‌గేజీ. అప్పటి స్టేషన్ చేయాలని మనసులో ఉంది.
– మహబూబ్‌నగర్

మీ కళ్లకు దండం పెట్టాలి సార్. భ్రమేం కాదు. హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1,435 మిల్లీమీటర్లు, అది యూరప్, అమెరికా గేజీ. మన బ్రాడ్‌గేజీ 1,676, కాబట్టి లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. మన ఇంజన్ల మోడళ్లన్నీ ఆ ఇరుకు పట్టాల మీదే నిలబెట్టి అమ్ముతారు. నిజానికి ఆ పట్టాలకు సరిగ్గా సరిపోయేది హైదరాబాద్ మెట్రో, దాని గేజీ 1,435. వెడల్పు పట్టాలు చేత్తో వేసుకునేవాళ్లు లేకపోలేదు గానీ ప్రతి ఇంజన్‌కూ, బోగీకీ ఇరుసులు మార్చాలి. మనవడితో ఆడుకోవడానికి అంత తిప్పలు వద్దు.

మీటర్‌గేజీ స్టేషన్ మాత్రం తప్పకుండా చేయండి, ఎందుకంటే చూసినవాళ్లే చేయగలరు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం పోయే లైను 1990ల్లో బ్రాడ్‌గేజీగా మారింది. ఆ తర్వాత పుట్టినవాళ్లకు అక్కడ చిన్న పట్టాలుండేవంటే నమ్మబుద్ధి కాదు. మీటరును 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు. హెచ్‌ఓఎం పేరుతో 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి, అర మిల్లీమీటరు తేడా మీరు కూడా పట్టలేరు. వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు, వైడీఎం‑4 డీజిల్ మీకు చెప్పేదేముంది. ఇంజన్ దొరక్కపోతే ఆగకండి, ముందు స్టేషన్ కట్టేయండి. స్టేషన్ మాస్టర్ గది ఎటుండేది, నీళ్ల ట్యాంకు ఎటుండేది, గేటు ఎక్కడ, అన్నీ ఒక కాగితం మీద గీసి మాకొక నకలు పంపండి, అచ్చు వేస్తాం.

ప్రశ్న: నాకు డీసీసీ (ఒక్కో ఇంజన్‌ను విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) అవసరమా?
– కోదాడ

ఒక ఇంజన్‌కు అవసరం లేదు. మామూలు 12 వోల్టుల డీసీలో పట్టాలో ఎంత వోల్టేజీ ఇస్తే బండి అంత వేగం, పట్టా మీదున్న ఇంజన్లన్నీ కలిసే కదులుతాయి. డీసీసీలో పట్టాలో ఎప్పుడూ పూర్తి కరెంటుంటుంది, ప్రతి ఇంజన్‌లో ఒక డీకోడర్, దానికో నంబరు. పిలిచిన నంబరే కదులుతుంది. రెండో ఇంజన్ కొన్ననాడు ఆలోచించండి.

ప్రశ్న: మేడ మీద రేకుల గదిలో లేఅవుట్. సంక్రాంతి సెలవుల్లో వేసిన పట్టాలు మే నెలకల్లా పాములా మెలికలు తిరిగాయి. మేకులు కూడా లేచొచ్చాయి.
– జడ్చర్ల

పాలమూరు ఎండ, పైన రేకులు, ఇక పట్టాలదేం తప్పు? నికెల్ సిల్వర్ పట్టా మూడు మీటర్ల పొడవుంటే 25 డిగ్రీల తేడాకు ఒక మిల్లీమీటరు దాటి సాగుతుంది. చలికాలం పొద్దున ముక్కకు ముక్క ఆనించి వేస్తే ఆ మిల్లీమీటరు ఎటూ పోలేక పక్కకు ఉబ్బుతుంది. అసలు రైల్వేలోనూ ఇదే భయం, అందుకే ఎండాకాలం పట్టాల వెంట ప్రత్యేకంగా గస్తీ తిరుగుతారు. మళ్లీ వేసేటప్పుడు మిట్టమధ్యాహ్నం గది వేడెక్కినప్పుడు వేయండి. చలిలోనే వేయాల్సి వస్తే ప్రతి జాయింటులో రెండు విజిటింగ్ కార్డుల మందం సందు వదలండి. జాయింట్లకు టంకం వేయకండి, అవి జారాలి. ప్రతి ముక్కకూ అడుగు నుంచి విడిగా వైరు ఇవ్వండి, అప్పుడు జాయింటు వదులైనా కరెంటు ఆగదు.

మీ తప్పు ఇంకోటి ఫొటోలో కనిపించింది. ప్లైవుడ్‌కు పైన మాత్రమే రంగు వేశారు. వానాకాలం అడుగునుంచి చెమ్మ పీల్చుకొని పలకే వంగుతుంది. అడుగున, అంచులకు కూడా రెండు పూతలు కొట్టండి. థర్మోకోల్ గుట్టల మీద మాత్రం స్ప్రే డబ్బా వాడకండి, అది థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. వాటర్ కలరే గతి.

ప్రశ్న: బయటి దేశం కంకర ప్యాకెట్లు చాలా ఖరీదు. మా ఊరి చుట్టూ క్రషర్లే, ఆ డస్ట్ వాడొచ్చా?
– భువనగిరి

వాడొచ్చు, మీ రాయి రంగే మన లైన్లకు సరిపోతుంది. పట్టాల కింద అసలు కంకర 50 మిల్లీమీటర్లు అటూఇటూ ఉంటుంది, 87తో భాగిస్తే అర మిల్లీమీటరు పైన. డస్ట్‌ను టీ జాలిలో జల్లించి పైన మిగిలింది పారేయండి. కిందపడ్డదాన్ని పిండి జల్లెడలో జల్లించి పొడి పోగొట్టండి. జల్లెడలో మిగిలిందే మన కంకర. కడిగి ఎండబెట్టి, కాగితం మీద పలుచగా పరిచి పైనుంచి అయస్కాంతం తిప్పండి. ఇది మానకండి. క్రషర్ ఇనుప రజను, రాతిలోని నల్ల రేణువులు బుస్సున లేచి అంటుకుంటాయి. అవి పట్టాల మీదుంటే ఇంజన్ మోటారులోకి పోయి కూర్చుంటాయి.

పరిచాక బ్రష్‌తో పట్టాల పైభాగం, స్లీపర్లు శుభ్రం చేసి, మెల్లగా నీళ్లు స్ప్రే చేయండి. ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి, అది లేకపోతే జిగురు ఇంకకుండా ముత్యాల్లా దొర్లుతుంది. సూది తీసిన సిరంజితో చుక్కచుక్కగా పోయండి. పాయింట్లో కదిలే నాలుకల దగ్గరికి మాత్రం ఒక్క చుక్క పోయినా పాయింట్ అయిపోయినట్టే. తెల్లారేదాకా ముట్టుకోకండి.

ప్రశ్న: మా దగ్గరి కృష్ణ బ్రిడ్జి చేస్తున్నాను. పూర్తి పొడవు చేయాలంటే గది చాలదు. స్తంభాల మధ్య దూరం తగ్గించి ఇరికించనా? నీళ్లకు రెసిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) ఎంత పడుతుంది?
– గద్వాల

దూరం తగ్గించకండి. స్తంభాల సంఖ్య తగ్గించండి. ఉన్న దూరం ఉన్నట్టే పెట్టి నాలుగైదు చేసి, రెండు చివర్లూ గుట్ట వెనకో చెట్ల వెనకో పోయేలా దాచండి, మిగతా వంతెన చూసేవాళ్ల కళ్లే పూర్తి చేసుకుంటాయి. దగ్గర దగ్గరగా ఇరికిస్తే అది వాగు మీది కల్వర్టులా కనిపిస్తుంది.

రెసిన్ ఖర్చు గురించి బెంగపడకండి, ఎండాకాలం ఆ బ్రిడ్జి మీంచి కిందికి చూస్తే నీళ్ల కన్నా బండలే ఎక్కువ కదా. నిజం రాళ్లే పేర్చి, మధ్యలో రెండు మూడు పాయలకు రెసిన్ పోయండి. అడుగున ముందే బురద ఆకుపచ్చ రంగు వేయండి, నీలం వద్దు. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పసుపు పడుతుంది, మూడు మిల్లీమీటర్ల చొప్పున పోస్తూ ఆరనివ్వండి. జూరాల గేట్లు ఎత్తిన నాటి కృష్ణ కావాలంటే మాత్రం బడ్జెట్ పెంచుకోవాల్సిందే.

ప్రశ్న: మా ఊరికి రైలే లేదు. బడి పిల్లలతో కలిసి ఊరికో స్టేషన్ కడుతున్నాం. అట్టముక్కలతో బిల్డింగ్ అయింది. తర్వాత ఏం చేయాలి? పిల్లలకు పెద్ద లేఅవుట్ ఎక్కడ చూపించొచ్చు?
– టీచర్, నాగర్‌కర్నూల్

తర్వాత బండి నడపాలి మేడమ్, రంగులు ఆపండి. ఒక పొడుగు లైను, పక్కన రెండు చివర్లా దానికే కలిసే ఒక లూప్, రెండు పాయింట్లు. లూప్‌లో గూడ్సు ఆపి ప్యాసింజర్‌కు దారివ్వడం పిల్లలకు అప్పజెప్పండి. ఒకరు స్టేషన్ మాస్టర్, ఒకరు డ్రైవర్, ఒకరు పాయింట్స్‌మన్. పెద్దది చూపించాలంటే పుణెలో జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. ఇంకో సంగతి, స్టేషన్ బోర్డు పసుపు మీద నల్ల అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడింట్లోనూ రాయించండి. మీ ఫొటోలో తెలుగు లేదు.