నాలుక బయాప్సీలో పి16 నెగటివ్ అంటే భయపడాలా? – సమాధానం

తమ్ముడూ, నాన్నగారి నాలుక పుండు బయాప్సీలో "పి16 నెగటివ్, కేఐ-67 40 శాతం" అని చూసి నిద్రపట్టట్లేదన్నావు. ముందు ఆ పి16 (గడ్డ కణాల్లో పరీక్షించే ఒక ప్రొటీన్) సంగతి పక్కన పెట్టు. అది పాజిటివ్ అయితే మంచిదని నువ్వు చదివింది టాన్సిళ్ల దగ్గర, గొంతు వెనకాల వచ్చే క్యాన్సర్ గురించి. అక్కడ అది హెచ్‌పీవీ వైరస్‌కి గుర్తు. నాలుక మీద వచ్చేది నోటి క్యాన్సర్ కిందికి వస్తుంది. అది మన దగ్గర ఎక్కువగా గుట్కా, ఖైనీ, పొగాకు వల్ల వస్తుంది, అందులో చాలామందికి పి16 నెగటివే. దాన్ని చెడువార్తగా తీసుకోకు.

కేఐ-67 అంటే విభజన చెందుతున్న కణాల శాతం. ఇంత దాటితే ప్రమాదమని అందరూ ఒప్పుకున్న గీత లేదు, ఆ ఒక్క అంకెను బట్టి చికిత్సా మార్చరు.

అసలు చూడాల్సింది ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టు. గడ్డ ఎంత లోతుకి దిగింది (5 మి.మీ., 10 మి.మీ. దగ్గర దశ మారుతుంది), కోసిన అంచులు శుభ్రంగా (క్యాన్సర్ కణాలు లేకుండా) ఉన్నాయా, మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా, పాకితే గ్రంథి పొర చీల్చుకుని బయటికొచ్చిందా. పొర దాటితే సాధారణంగా రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఇస్తారు.

డాక్టరు మెడ గ్రంథులు కూడా తీస్తానంటే వద్దనకండి. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 2015లో తొలిదశ నోటి క్యాన్సర్ మీద ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఆపరేషన్‌లోనే గ్రంథులు తీయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 80 శాతం బతికున్నారు, గ్రంథుల్లోకి పాకాకే తీయిద్దామని ఆగి చూసినవాళ్లలో 67.5 శాతమే.