తీర్థన్ వాగుకు పోతున్న బిడ్డకు

బిడ్డా,

మే నెలలో హిమాచల్ పోయి తీర్థన్‌లో ట్రౌట్ చేపలు పడతావట, వాటికి ఎరగా డ్రై ఫ్లైలు, అదే గాలానికి ఈకలు చుట్టి చేసే, నీటిపై తేలే ఉత్తుత్తి పురుగులు కూడా సొంతంగా కట్టుకుంటావట. మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. వినగానే గర్వంగా అనిపించింది. రాత్రయ్యేసరికి టెన్షన్ మొదలైంది. ఉద్యోగం పేరుతో ఆ కొండల్లో ఉన్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, ఢిల్లీ నుంచి మనాలి బస్సులో ఔట్ అనే ఊరి దగ్గర దిగు. చేపల శాఖ లైసెన్సు తీసుకో. ట్రౌట్ గుడ్లు పెట్టే చలికాలంలో నిషేధం ఉంటుంది, మేలో ఆ ఇబ్బంది లేదు. స్వెట్టర్ మరవకు.

కట్టడానికి ఆడమ్స్‌తో మొదలుపెట్టు. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో పుట్టిన ఫ్లై అది. అచ్చంగా ఏ ఒక్క పురుగులాగా ఉండదు, అందుకే చాలా పురుగులకు బదులు పనిచేస్తుంది. 14 నంబరు గాలం తీసుకో. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, కొనేటప్పుడు పొరపడకు. ఈక మాత్రం పుంజు మెడదే కావాలి. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చుకుని మునిగిపోతుంది. ముదురు పుంజు ఈక పోగులు బిరుసుగా ఉంటాయి, వాటి కొనల మీదే ఫ్లై నీటిపైన నిలబడుతుంది. పోగు పొడవు గాలం నోటి వెడల్పుకు, అంటే కొనకూ కాడకూ మధ్య ఖాళీకి, ఒకటిన్నర రెట్లుంటే చాలు. కొత్తవాళ్లు గాలం కన్ను, అంటే దారం కట్టే రంధ్రం దాకా చుట్టేస్తారు, తర్వాత ముడికి చోటుండదు. ముందే కాస్త ఖాళీ వదులు. చివరి ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క వెయ్యి.

ఒక్కటి ముద్దుగా కట్టి దాన్నే దాచుకోకు. రెండు డజన్లు కట్టు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నా.

వడ్డేపల్లి చెరువు గుర్తుందా? దసరా సెలవులు, నువ్వు ఆరో తరగతి. నీ గాలం తుమ్మకంపకు తట్టుకుంది. ఎరల డబ్బా కోసం నేను అటు తిరిగి ఇటు చూసేలోగా నువ్వు నడుము లోతు నీళ్లలో ఉన్నావు. నేను కేకేస్తే "గాలం పెద్దబాపూ, గాలం" అంటూ ఇంకో అడుగు ముందుకే వేశావు. రెండు రూపాయల గాలం! కాళ్లు బురదలో దిగబడ్డాయి, నీళ్లు మెడదాకా వచ్చాయి. జడ పట్టుకుని గుంజాను నిన్ను. ఒడ్డున పడ్డాక కూడా గాలం పోయిందనే ఏడ్చావు తప్ప భయపడలేదు. అదే నాకు భయం. వీపు మీద ఒకటి వేశాను, దారిలో మిర్చి బజ్జీలు కొనిపెట్టాను. మీ అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

అది నిలిచిన నీరు బిడ్డా. తీర్థన్‌ది మంచు కరిగిన నీరు, కాళ్లు క్షణాల్లో మొద్దుబారతాయి, రాళ్ల మీద పాచి ఉంటుంది. పొద్దున మోకాలి కిందున్న నీరు ఎండ ముదిరాక పెరుగుతుంది. ఆ వాగు లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. 2014 జూన్ 8న లార్జీ డ్యామ్ నీళ్లు వదిలితే, దిగువన ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల ముఖాలు టీవీలో చూసినవాణ్ణి, నేను మర్చిపోలేను. లార్జీ కింద నీళ్లలో కాలు పెట్టకు, ఫోటో కోసం కూడా వద్దు. ఫ్లై కొమ్మకు చిక్కితే దారం తెంపి ఇంకొకటి కట్టుకో. రెండు డజన్లు అందుకే.

ఇక పట్టే సంగతి. ట్రౌట్ పారే నీటికి ఎదురుగా తలపెట్టి నిలబడుతుంది, కాబట్టి దిగువ నుంచి, దాని వెనకగా పో. దాని పైభాగాన ఫ్లై వేసి నీటితో పాటు రానివ్వు. దారం లాగి ఫ్లై వెనక చిన్న గీత పడిందా, ఇక ఆ చేప దాన్ని నమ్మదు. మన చెరువులో బెండు కదలగానే గుంజే అలవాటు నీది. ఇక్కడ చేప ఫ్లై అందుకుని తల కిందికి తిప్పేదాకా ఆగి కర్ర ఎత్తు. గాలం కొన వెనక ఎదురుగా ఉండే చిన్న ముల్లును ముందే పట్టకారుతో నొక్కి చదును చెయ్యి, చేప నోరు చిరగదు. చేతులు తడుపుకున్నాకే చేపను పట్టుకో, నీళ్లలోనే వదిలెయ్యి.

మీ బాపు ఆదివారం వస్తున్నాడు, ఎర్ర పుంజువి, చారల పుంజువి మెడ ఈకలు ఆయన చేతికిస్తాను. మొదట కట్టిన ఆరింటిని పక్క నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, కన్ను దగ్గర ఖాళీ ఉందో లేదో చూసి చెబుతా.

మీ పెద్దబాపు