కాల్షియం మాత్రలతో పిక్కలు ఇంకా పట్టేస్తాయా?

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కాల్షియం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుందని క్లాసులో చెప్పారు. మా అమ్మకు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తుంటాయి. ఎముకల బలానికని డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలు కూడా వేసుకుంటోంది. వాటివల్ల పిక్కలు ఇంకా పట్టేయవా? ఇంకో సందేహం. కండరం ముడుచుకోవాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలంటారు కదా, చనిపోయాక ఏటీపీ అయిపోతే ఒళ్లు మెత్తబడాలి గానీ కొయ్యబారడమేంటి?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అమ్మగారి మాత్రలు ఆపించకండి. మింగిన కాల్షియం రక్తంలోకి వెళ్తుంది నిజమే, కానీ పిక్కను ముడిచేది అది కాదు. కాళ్లూ చేతుల కండరాల్లో ప్రతి కణానికీ సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే సొంత కాల్షియం నిల్వ ఉంటుంది. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం విడుదల కాగానే కణం పొర మీద విద్యుత్ సంకేతం పుట్టి, టీ ట్యూబులు అనే సన్నటి గొట్టాల గుండా లోపలికి దిగి, ఆ నిల్వ తలుపులు తీయిస్తుంది. బయటి కాల్షియంతో పెద్దగా పనిలేదు. గుండె లెక్క వేరు. అక్కడ బయటి నుంచి కొంత కాల్షియం లోపలికొస్తే తప్ప నిల్వలోది బయటపడదు. బీపీకి వాడే, బయటి కాల్షియాన్ని కణంలోకి రాకుండా అడ్డుకునే కాల్షియం చానల్ బ్లాకర్లు రక్తనాళాల మీద, కొన్నయితే గుండె మీద కూడా పనిచేస్తూ, చేతులూ కాళ్ల కండరాల బలాన్ని మాత్రం తగ్గించకపోవడానికి కారణం ఇదే.

ఇంకో తమాషా చూడండి. రక్తంలో కాల్షియం బాగా పడిపోతే వేళ్లు కొంకర్లు పోతాయి. కాల్షియం తగ్గేసరికి నరాల మీది సోడియం చానళ్లు (సోడియం లోపలికొచ్చే ద్వారాలు) కాస్త కదిలిస్తే చాలు తెరుచుకుంటాయి. దాంతో నరం ఊరికే సంకేతాలు పంపుతుంది. అంటే బిగుసుకున్నది కండరమైనా, గొడవ నరంలో ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఏటీపీ లాగడానికే కావాలని చాలామంది విద్యార్థులు బట్టీ పడతారు. వదలడానికి కూడా అదే కావాలన్నది పట్టించుకోరు. కండరంలో యాక్టిన్ అనే సన్న ప్రొటీన్ తంతువులు, వాటిని లాగే మయోసిన్ అనే లావు తంతువులు ఉంటాయి. నిల్వలోంచి వచ్చిన కాల్షియం యాక్టిన్ మీదున్న ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది, అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ పక్కకు జరుగుతుంది, యాక్టిన్ మీది చోటు ఖాళీ అవుతుంది. మయోసిన్ తల అక్కడ పట్టుకుని, తన దగ్గరున్న ఫాస్ఫేట్‌ను వదిలేస్తూ వంగి, యాక్టిన్‌ను లాగుతుంది. ఈ లాగుడుకు కావలసిన శక్తి అంతకుముందే ఏటీపీ విరిగినప్పుడు తలలో చేరి ఉంది. లాగడం అయ్యాక తల అలాగే పట్టుకుని ఉంటుంది. కొత్త ఏటీపీ వచ్చి అతుక్కుంటే గానీ పట్టు సడలదు. బావిలో చేంతాడు లాగేటప్పుడు ఒక చెయ్యి వదిలితేనే మళ్లీ ముందుకు చాచి పట్టుకోగలం కదా, ఇదీ అంతే.

పూర్తిగా సడలాలంటే కాల్షియం కూడా నిల్వలోకి తిరిగి వెళ్లాలి. ఆ పని చేసే పంపు ఒక్కో ఏటీపీకి రెండు కాల్షియం అయాన్లను లోపలికి తోస్తుంది. చనిపోయాక ఏటీపీ అయిపోతుంది, పంపు ఆగుతుంది, కాల్షియం కారుతూనే ఉంటుంది. పట్టుకున్న మయోసిన్ తలలను విడిపించేది ఏదీ ఉండదు. కొయ్యబారడమంటే అదే. సాధారణంగా కొన్ని గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర ముందు కనిపించి, దాదాపు 12 గంటలకు ఒళ్లంతా పాకుతుంది. తర్వాత ప్రొటీన్లే చివికిపోవడంతో పట్టు వదులుతుంది. మన ఎండాకాలంలో ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. పాఠంలో ఈ పేరు చెబితే పిల్లలకు ఏటీపీ మీద కాస్త ప్రేమ పుడుతుందని నా నమ్మకం.

వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎక్కువగా అడిగేది మాత్రం మైక్రోస్కోపులో కండరం మీద కనిపించే బ్యాండ్ల (చారల) గురించే. ముడుచుకున్నప్పుడు ఐ బ్యాండ్ (యాక్టిన్ మాత్రమే ఉన్న చోటు), హెచ్ జోన్ (మయోసిన్ మాత్రమే ఉన్న నడిమి భాగం) తగ్గుతాయి, ఏ బ్యాండ్ (మయోసిన్ ఉన్న మొత్తం చోటు) పొడవు మారదు. తంతువులు కుంచించుకుపోవు, ఒకదాని మీదుగా ఒకటి జారుతాయి. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ మాట చెప్పాయి. రెండింట్లోనూ హక్స్‌లీ అనే ఇంటిపేరున్న శాస్త్రవేత్త ఒకరు ఉన్నారు, ఇద్దరికీ చుట్టరికం లేదు.

అమ్మగారి పిక్కల దగ్గరకొద్దాం. అక్కడ ఏటీపీ అయిపోలేదు, నరమే ఆగకుండా కండరాన్ని ఉసిగొల్పుతోంది. పట్టేసినప్పుడు పిక్క మీద చెయ్యి వేసి చూడండి, గట్టిగా ఉండకట్టి తెలుస్తుంది. మోకాలు చాపి ఉంచి, కాలి వేళ్లను ఆమె ముఖం వైపు నెమ్మదిగా వంచి కాసేపు అలాగే పట్టుకోండి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు సాగినప్పుడు అందులోని గ్రాహకాలు నరాన్ని నెమ్మదింపజేస్తాయి. పడుకునే ముందు ఇలా కాసేపు సాగదీయడం కొందరికి బాగానే పనిచేస్తుంది. క్వినైన్ మాత్రలు వాడమని ఎవరైనా చెబితే వినకండి. ప్లేట్‌లెట్లు తగ్గడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాలున్నాయి.

బీపీకి నీరు పోయే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా ఆపొద్దు. నడిస్తే నొప్పి పుట్టి, నిలబడితే తగ్గుతుంటే రక్తనాళాలు పరీక్ష చేయించాలి. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, నొప్పి తగ్గకపోతే నూనె రాసి మర్దన చేయకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.