మార్కు తక్కువే, ముప్పు పెద్దది

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీ కడుతున్నాం. రిస్కుల జాబితా చాంతాడంత అయింది. ముందు దేన్ని పట్టించుకోవాలండీ?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒక్కోదానికి జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే వచ్చే నష్టానికి 1 నుంచి 5 మార్కులేసి గుణించండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆలస్యం 4×4, అంటే 16. ఫిబ్రవరికల్లా మిర్చి యార్డులో సరుకు జోరందుకుంటుంది కాబట్టి అదే పైన. సంక్రాంతికి కూలీలు ఊరెళ్లడం 5×2, 10. గదుల్ని చల్లబరిచే విషవాయువు అమోనియా లీకు 1×5, ఐదే! చిక్కంతా ఇక్కడే. గుణకారం ప్రాణాపాయాన్నీ చిల్లర చికాకునీ ఒకే గాటన కట్టేస్తుంది. నష్టం 5 పడ్డవాటిని మొత్తంతో పనిలేకుండా విడిగా తీయండి. డిటెక్టర్లు, సేఫ్టీ వాల్వులు, గ్యాస్ మాస్కులు సిద్ధమయ్యాకే ప్లాంటు నడపండి. ఇంకోటి, 'నష్టం 3' అంటే ఎన్ని లక్షలో, ఎన్ని రోజులో ముందే రాసుకోండి. లేదంటే ఎవరి గుండెధైర్యాన్ని బట్టి వాళ్లు మార్కులేస్తారు.