జ్ఞానాపురంలో అద్దె గది, బాబుకి తగ్గని దగ్గు: కిటికీలు మూసేస్తే చాలా?

విశాఖపట్నం జ్ఞానాపురంలో ఒక్క గది ఇల్లు తీసుకున్నామని, కిటికీ గట్టు మీద రోజూ నల్ల దుమ్ము పేరుకుంటోందని, మూడేళ్ల బాబుకి దగ్గు తగ్గట్లేదని రాశారు. రోజంతా కిటికీలు మూసి ఉంచాలా అని అడిగారు. వద్దండి. మా ఇంట్లో ఏళ్ల తరబడి చేసిన తప్పు అదే.

మాది వన్ టౌన్‌లో వెనక వాటా. దండెం మీద తెల్ల లుంగీ ఆరేస్తే సాయంత్రానికి మసి రంగు తేలేది. అమ్మకి ఆ దుమ్మంటే పగ. కిటికీలు బిగించేసేది. గ్యాస్ ఉన్నా, సిలిండర్ తొందరగా అయిపోతుందని స్నానాలకి నీళ్లు మాత్రం కట్టెల మీదే కాచేది, అదీ లోపలే. రాత్రి దోమల చక్రం. అంటే బయటి దుమ్ముకి తలుపేసుకుని, లోపలి పొగలో పడుకునేవాళ్లం.

యాభై దాటాక అమ్మకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. డాక్టరు మొదట అడిగిన మాట, "చుట్ట అలవాటుందా అమ్మా?" అని. మా నానమ్మ అడ్డచుట్ట (నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) మనిషే గానీ, అమ్మకి మాత్రం కోపమొచ్చింది. "నానెప్పుడూ ముట్టనేదు బాబూ" అంది. "మరి పొయ్యి ఊదేది ఎవరు?" అన్నాడాయన. తర్వాత ఊపిరి పరీక్ష పెట్టారు. ముప్పయ్యేళ్లు పొయ్యి ఊదిన మనిషి ఆ చిన్న గొట్టం ఊదలేకపోయింది. సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరి దారులు సన్నబడిపోయి ఎప్పటికీ ఉండిపోయే జబ్బు. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెట్టడంతో ఆరు నెలలు వాడకుండా వృథా చేశాం, అది ఇంకో తెలివి.

కంటికి కనిపించే నల్ల దుమ్ములో ఎక్కువ భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అది మంచిదని కాదు, దాన్నీ తడిగుడ్డతోనే తుడవండి, పొడి చీపురుతో లేపొద్దు. అసలు ప్రమాదం 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నటి రేణువులతో. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, రక్తంలోకీ చేరతాయి, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతాయి. కట్టెల పొగలో, లారీల పొగలో, చెత్త తగలబెట్టిన పొగలో ఉండేవి అవే. ఒక్క దోమల చక్రం కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్న రేణువులు వస్తాయని 2003లో ఒక పరిశోధనలో తేలింది. దోమతెర కొనండి.

ఫోన్‌లో గాలి బాగుందని చూపించే ఆకుపచ్చ రంగు చూసి మురిసిపోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సన్న రేణువుల ఏడాది సగటుకి పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్నది 40. పైగా ఆ కొలిచే మెషిన్ మీ గదిలో లేదు కదా.

వంట చేస్తున్నంతసేపూ, ఆ తర్వాత అరగంటా కిటికీ, తలుపు రెండూ తెరవండి. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక కూడా తెరవొచ్చు. లారీల రద్దీ ఉన్నప్పుడు, వీధిలో ఎవరైనా చెత్త కాల్చినప్పుడు మూయండి. చలికాలం రాత్రుళ్లు మన ఊళ్లో కొండల మధ్య పొగ కిందే నిలిచిపోతుంది, అప్పుడు ఇంట్లో ఏదీ కాల్చకపోవడం మరీ ముఖ్యం. ముక్కుకి కట్టుకునే చేతిరుమాలు సన్న రేణువుల్ని ఆపదు.

బాబు సంగతి. దగ్గు రెండు వారాలు దాటితే అన్నీ కాలుష్యం మీదకి తోసేయకుండా టీబీ పరీక్ష కూడా చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి. ఆ వయసులో నిమిషానికి 40 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి గోడకి కన్నం పెడతామంటే మా ఓనరు ఒప్పుకోలేదు. చివరికి అమ్మే స్టవ్ బండని గుమ్మం పక్కకి జరిపించింది. గాలికి మంట ఆరిపోతుంటే పాత నూనె డబ్బా రేకు కోసి అడ్డం పెట్టింది. స్నానాల నీళ్లు కూడా ఇప్పుడు ఆ గ్యాస్ స్టవ్ మీదే కాస్తోంది.